ముందు ఏ చేపను తేవాలి?

ప్రశ్న: ఇంట్లో 150 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాం. నీళ్లు నింపి వారమైంది. క్లౌన్ ఫిష్, బ్లూ టాంగ్, మాండరిన్ మూడూ ఒకేసారి తెచ్చుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే ఏదీ తేకండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమోనియా, అది నైట్రేట్‌గా మారే దారిలో మధ్యలో ఏర్పడే నైట్రైట్, రెండూ సున్నాకి వచ్చాకే మొదటి చేప.

ఆ మొదటి చేపలుగా క్లౌన్ ఫిష్ జత మీకు చక్కగా సరిపోతుంది. ట్యాంకుల్లోనే పుట్టి పెరిగినవి అడిగి తీసుకోండి, మేతకు త్వరగా అలవాటు పడతాయి. సముద్రంలో వీటికి ఆశ్రయమిచ్చే సీ అనిమోనీ అనే పువ్వులాంటి జీవి లేకపోయినా హాయిగా బతుకుతాయి. రెండు మూడు వారాలాగి ఒక ఫైర్ ఫిష్‌ని వేయొచ్చు. అది బెదిరితే ఎగిరి బయట పడుతుంది, పైన వల మూత తప్పనిసరి.

బ్లూ టాంగ్ వద్దు. 30 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది, రోజంతా ఈదే చేప, మీ ట్యాంకు దానికి చాలదు.

మాండరిన్ మాటెత్తితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ రంగులు చూసి నేనూ తెచ్చాను. రాయి రాయికీ ఆగి ఏదో పొడుచుకు తింటున్నట్టే కనిపించేది. నెలన్నరకల్లా పొట్ట లోపలికి పోయింది. అది ముఖ్యంగా తినేది రాళ్లను అంటిపెట్టుకుని ఉండే కోపిపాడ్లనే సన్నటి జీవుల్ని. కొత్త ట్యాంకులో అవి చాలినన్ని ఉండవు. నేను వేసిన మేతను ఒక్కసారి కూడా ముట్టలేదు.

ఏ చేపనైనా కొనేముందు అక్కడే మేత వేయించి చూడండి. తినకపోతే, ఎంత అందంగా ఉన్నా వదిలేసి రండి.