రెండు సి. వర్డ్స్‌వర్త్‌లూ ఒకరు కాదండి

1827లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల మధ్య జరిగిన మొదటి క్రికెట్ మ్యాచ్ స్కోర్‌కార్డ్‌లో ఉన్న సి. వర్డ్స్‌వర్త్ లింకన్ బిషప్పేనా, అయితే కేంబ్రిడ్జ్ మనిషి ఆక్స్‌ఫర్డ్‌కి ఎలా ఆడాడు అని అడిగారు కదా. ఇక్కడ అన్నదమ్ములిద్దరు కలిసిపోయారండి, ఇద్దరి పేర్లూ సి తోనే మొదలు, ఇద్దరూ బిషప్పులే, నేనూ మొదట్లో అలాగే పొరబడ్డాను.

మీకు కావాల్సింది అన్న చార్లెస్, 1806లో పుట్టాడు. హారో స్కూల్, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ. కవి విలియం వర్డ్స్‌వర్త్ వీళ్ళకి పెదనాన్నే. లింకన్ బిషప్ అయింది తమ్ముడు క్రిస్టఫర్, ఆయన చదివింది కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో.

అసలు 1827 జూన్‌లో లార్డ్స్‌లో జరిగిన ఆ మొదటి మ్యాచ్ పెట్టించిందే చార్లెస్. వాళ్ళ నాన్న ట్రినిటీకి మాస్టర్, అంటే కాలేజీ పెద్ద, అందుకని సెలవులకి కేంబ్రిడ్జ్ వెళ్ళేవాడు, రెండు వైపులా ఫ్రెండ్స్ ఉండేవాళ్ళు, అలా కుదిరింది. వాన వల్ల మ్యాచ్ డ్రా అయింది కానీ కేంబ్రిడ్జ్ ఆడిన ఒక్క ఇన్నింగ్స్‌లో ఈయనకే 7 వికెట్లు! 1829లో హెన్లీలో ఈ రెండు యూనివర్సిటీల మధ్య జరిగిన మొదటి బోట్ రేస్ వెనకా ఈయనే, హారో ఫ్రెండ్ మెరివేల్‌తో మాట్లాడి సెట్ చేసి, తనూ తెడ్డు పట్టి గెలిచాడు. నాకైతే ఈ మనిషంటే చాలా ఇష్టం అండి.

తర్వాత స్కాట్లాండ్ వెళ్ళి గ్లెనాల్మండ్‌లో కాలేజీకి మొదటి వార్డెన్ (అంటే కాలేజీ పెద్ద), 1853 నుంచి సెయింట్ ఆండ్రూస్ బిషప్, 1892లో పోయాడు. మీ చార్ట్‌లో ఈయన పోయిన ఏడాది 1885 అని ఉంది చూడండి, అది తమ్ముడు పోయిన ఏడాది, అదొక్కటి మార్చేయండి.