కరివేపాకు పసుపెక్కితే ముందు ఏ ఆకో చూడండి

డాలస్ దగ్గర ఫ్రిస్కోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి జూన్ నెలలో నాకో ఫోటో పంపింది. కుండీలో మోకాలెత్తు కరివేపాకు మొక్క, ఆకులు పాలిపోయి ఉన్నాయి. "ఆంటీ, ఏ ఎరువు వెయ్యమంటారు?" అని అడిగింది. అప్పటికే వారం రోజుల్లో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) వేసింది, పుల్ల మజ్జిగ పోసింది, కాఫీ పిప్పి కూడా చల్లింది. ఊళ్ళో అమ్మ ఒకటి చెబితే వీడియోలో ఇంకొకటి, పక్కింటి వాళ్ళు మరొకటి. ఇంత దూరం వచ్చాక పెరట్లో ఒక రెబ్బ కోసుకునే భాగ్యం పోతుందేమోనన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ళ కింద నేనూ అలాగే ఉన్నాను. అందుకే ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను: ఏదైనా వేసేముందు, పసుపు ఏ ఆకుతో మొదలైందో చూడండి. కింది ముదురాకా, పైన చిగురా?

మాది గూడూరు వైపు. మా నాన్న నిమ్మతోటలో ఏ చెట్టు దగ్గర ఆగినా ముందు చిగురు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసేవారు. కరివేపాకు కూడా నిమ్మ, బత్తాయి, మారేడు, వెలగల కుటుంబమే. కాబట్టి ఆ చూపు దీనికీ పనికొస్తుంది.

సంగతి ఇది. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం తక్కువైనప్పుడు మొక్క ముదురాకుల్లోంచి వాటిని లాగి చిగురుకి పంపుకుంటుంది. అందువల్ల కింది ఆకులే ముందు దెబ్బతింటాయి. ఐరన్, జింకు, మాంగనీస్, కాల్షియం అలా తేలిగ్గా కదలవు. పాత ఆకులో చేరింది చాలావరకు అక్కడే ఉండిపోతుంది. అవి తక్కువైతే చిగురుకే కష్టం వస్తుంది, కింది ఆకులు పచ్చగానే ఉంటాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం సందేహం తీరినట్టే.

కింది ఆకు మొత్తం ఒకే రంగులో, ఈనెలతో సహా పసుపై, మొక్క ఎదుగు ఆగిపోతే అది నత్రజని ఆకలి. కుండీలో మట్టి మార్చి రెండేళ్ళు దాటితే ఇది తప్పదు, ఎందుకంటే పోసిన ప్రతి నీటితోనూ కొంత అడుగు రంధ్రాల నుంచి కొట్టుకుపోతుంది. ముదురాకు అంచులు ఎండి గోధుమ రంగులోకి మారితే పొటాష్‌ని అనుమానించండి. ముదురాకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం. ఎప్సమ్ సాల్ట్ పనికొచ్చేది ఆ ఒక్క సందర్భంలోనే. లోపం లేకుండా వేస్తే ఆ మెగ్నీషియం కాల్షియానికీ పొటాష్‌కీ అడ్డుపడుతుంది.

ఆ అమ్మాయిని రెండు ఆకులు, పైది ఒకటీ కిందది ఒకటీ, తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి ఫోటో తీయమన్నాను. కింది ఆకు నిండు ఆకుపచ్చ. పైది నిమ్మపండు రంగు, దాని మీద సన్నని పచ్చ ఈనెలు వలలాగా స్పష్టంగా కనిపిస్తున్నాయి. కుండీ అంచున తెల్లటి ఉప్పు పొర కట్టి ఉంది. అది ఐరన్ లోపం.

అయితే మట్టిలో ఐరన్ లేదని కాదు. మా డాలస్ చుట్టుపక్కల కుళాయి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7కి పైన క్షారం) 8 దగ్గరో ఆపైనో ఉంటుంది, పెరటి నల్లమట్టిదీ క్షార గుణమే. ఆ నీళ్ళే నెలల తరబడి పోస్తుంటే కుండీ మట్టి కూడా అటే మారుతుంది. పీహెచ్ 7 దాటాక మట్టిలో ఐరన్ ఉన్నా వేరుకి అందే రూపంలో పెద్దగా ఉండదు. కరివేపాకుకి కాస్త ఆమ్లం వైపు, 6 నుంచి 6.5 మధ్య, హాయిగా ఉంటుంది. కొత్తవాళ్ళు మొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. మామూలు ఐరన్ పొడి కొని పోస్తారు, అది కూడా ఆ మట్టిలోనే చిక్కుకుపోతుంది. డబ్బా వెనక ఏ రకం చీలేటెడ్ ఐరన్ (మట్టిలో చిక్కుకోకుండా ఇంకో పదార్థంతో పట్టి ఉంచిన ఐరన్) అని రాసిందో చదవండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే నిలవదు. ఈడీడీహెచ్ఏ రకం మన నీటికి తట్టుకుంటుంది. నీళ్ళలో కలిపితే ఎర్రగా ఉంటుంది, బట్టల మీద పడకుండా చూసుకోండి. దాంతోపాటు ఆమ్లాన్ని ఇష్టపడే మొక్కల కోసం అమ్మే ఎరువు, డబ్బా మీద రాసిన మోతాదులో సగం, నెలకోసారి వేస్తే చాలు. వాన పడ్డప్పుడు ఒక బకెట్ బయట పెట్టండి. కరివేపాకుకి ఆ నీళ్ళు అమృతం.

చిగురే పాలిపోయి, కొత్త ఆకులు మరీ చిన్నగా, దగ్గరదగ్గరగా గుత్తిలా వస్తే జింకు. మన వరి రైతులకీ నిమ్మ రైతులకీ తెలిసిన లోపమే. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఎండ లేని వేళ ఆకుల మీద పిచికారీ చేస్తే అందుకుంటుంది.

ఇక ఆకలి కాని పసుపు ఒకటుంది, నీళ్ళు ఎక్కువై వచ్చేది. మొక్కల్ని ఎక్కువగా పోగొడుతున్నది అదే. నా మొదటి చలికాలంలో, లోపల కిటికీ పక్కన పెట్టిన మొక్క కింది ఆకులు పసుపెక్కి రాలుతుంటే ఆకలి అనుకుని ఎరువు వేశాను. నాలుగేళ్ళ మొక్క. జనవరిలో కుండీ బోర్లించి చూస్తే వేర్లు ముదురు గోధుమ రంగులో, వేలితో లాగితే పైతోలు జారిపోయి లోపలి దారం మాత్రం మిగిలింది. కుళ్ళు వాసన. తాగలేని వేరుకి ఎరువు పెట్టాను. ఆ రోజు ఏడ్చాను. అందుకే చెబుతున్నాను, చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి తడి తగిలితే నీళ్ళు పోయకండి. కుండీ ఎత్తి చూస్తే బరువులోనే తెలిసిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కరివేపాకు నిద్రలో ఉంటుంది, కొన్ని ఆకులు రాలడం సహజం, అప్పుడు ఏ ఎరువూ వద్దు. మార్చిలో మట్టి ఇంకా చల్లగా ఉండగా వచ్చే చిగుళ్ళు కూడా కాస్త పాలిపోయే వస్తాయి. ఎండ ముదిరితే వాటంతట అవే పచ్చబడతాయి, రెండు వారాలు ఆగండి.

మజ్జిగ గురించి చాలామంది అడుగుతారు. ఊళ్ళో నేల మీది చెట్టుకి పోసేవాళ్ళం, నిజమే. అపార్ట్‌మెంట్‌లో కుండీకి పోస్తే వాసనా, మట్టి చుట్టూ చిన్న చిన్న దోమలూ మిగులుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు అప్పుడప్పుడు పర్వాలేదు.

ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నాను. ఇండియా నుంచి సూట్‌కేసులో కరివేపాకు రెబ్బలు గానీ మొక్కలు గానీ తేకండి. నిమ్మ జాతి చెట్లకి గ్రీనింగ్ తెగులు మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది, అక్కడి నారింజ తోటల్ని కోలుకోలేని దెబ్బ తీసింది. తోట పోవడమంటే ఏమిటో చూసినవాళ్ళం మనం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారుతున్నప్పుడు కూడా నిబంధనలు కనుక్కోకుండా మొక్కని కారులో పెట్టకండి. లైసెన్సున్న నర్సరీలోనే కొనండి.

ఆ అమ్మాయి మజ్జిగా ఎప్సమ్ సాల్టూ మానేసి, కుండీ అడుగు నుంచి నీళ్ళు ధారాళంగా కారేదాకా వాన నీళ్ళతో ఒకసారి కడిగి, ఎర్ర ఐరన్ పోసింది. పాత పసుపాకుల సంగతి వదిలేసి కొత్త చిగురునే చూడమన్నాను, మందు పని చేసిందో లేదో చెప్పేది అదే. మూడో వారంలో పంపిన ఫోటోలో కొసన నాలుగు రెబ్బలు, ఈనెకీ ఆకుకీ తేడా తెలియనంత పచ్చగా ఉన్నాయి. "కొయ్యొచ్చా ఆంటీ?" అంటే, ఇంకో నెల ఆగి, ఆకులు దూయకుండా కొమ్మ కొసని కణుపు పైన కత్తిరించమన్నాను. అలా కోస్తే అక్కడినుంచి కొత్త కొమ్మలు వస్తాయి.