ఫలితమా, అవుట్‌పుట్టా? ఆ 6 అక్షరాలేనా?

సందేహం: ఈమాక్స్ ఎడిటర్‌లో నోట్స్ రాసుకునే ఆర్గ్ మోడ్‌లో తెలుగులో నోట్స్ రాసుకుంటానండీ, మధ్యలో పైథాన్ కోడ్ పెట్టి అక్కడే రన్ చేస్తా. కోడ్ కింద వచ్చేదాన్ని ఫలితం అనాలా, అవుట్‌పుట్ అనాలా? "స్త్రీ" పొడవు ప్రింట్ చేయిస్తే 6 వచ్చింది, "ఈ మాటలో 6 అక్షరాలున్నాయి" అని రాశా. తప్పా?

సమాధానం: రెండోది ముందు చెప్తానండీ, అది తప్పే. స్త్రీ ఒక్కటే అక్షరం, మూడు హల్లులు కలిసిన సంశ్లేషాక్షరం అని బళ్ళో చెప్పిందే కదా. పైథాన్ లెక్కపెట్టింది యూనికోడ్ కోడ్ పాయింట్లని, అంటే కంప్యూటర్ కోసం ఒక్కో గుర్తుకి విడిగా ఇచ్చిన సంఖ్యల్ని: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 6. ఇంగ్లీషులో క్యారెక్టర్ అని కనపడగానే అక్షరం అని పెట్టేస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పద్యంలో గురువు లఘువు చూసేది అక్షరానికే, పొల్లుకి విడిగా గురువూ లఘువూ ఏముంటాయి చెప్పండి. "తెలుగు" కూడా అంతే, మనకి 3, పైథాన్‌కి 6.

ఇక ఫలితం. మాట మంచిదే, ఒక కోడ్ ముక్కకి ఏకవచనంలో ఫలితం అంటే చాలు, పరీక్షలకైతే ఫలితాలు. కానీ ఆర్గ్‌లో ఈ ఫలితం రెండు రకాలు, ప్రోగ్రాం ప్రింట్ చేసింది ఒకటి, చివరికి తిరిగి ఇచ్చింది (రిటర్న్ చేసింది) ఇంకోటి. సెట్టింగ్ ఏమీ మార్చకపోతే ఆర్గ్ చూపించేది రెండోదే, అందుకే ఉత్త ప్రింట్ రాసి రన్ చేస్తే 6 బదులు

: None

అని పడుతుంది, అంటే తిరిగి ఇచ్చింది ఏమీ లేదని, రిజల్ట్స్ సెట్టింగ్‌లో అవుట్‌పుట్ అని పెడితేనే

: 6

వస్తుంది. కాబట్టి ప్రింటైనదాన్ని అవుట్‌పుట్ అనండి, తిరిగొచ్చినదాన్ని విలువ అనండి, రెండిటికీ కలిపి ఫలితం. అవుట్‌పుట్‌కి కొత్త మాట పుట్టించక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

ఫలితం పైన ఉండే రిజల్ట్స్ అన్న ఇంగ్లీషు కీవర్డ్‌ని మాత్రం తెలుగు చేయకండి, దాన్ని చూసే ఆర్గ్ పాత ఫలితం తీసి కొత్తది పెడుతుంది, మారిస్తే గుర్తుపట్టక ఇంకోటి చేరుస్తుంది. ఫలితం చిన్నదైతే లైను ముందు కోలన్ వస్తుంది, 10 లైన్లు దాకా వెళ్తే ఎగ్జాంపుల్ బ్లాక్‌లోకి పోతుంది, మీ వివరణ అందులో రాశారా, మళ్ళీ రన్ చేయగానే తుడిచిపెట్టుకుపోతుంది. ఒక ఖాళీ లైను వదిలి బయట ఇలా రాయండి: "స్త్రీ ఒక అక్షరం, యూనికోడ్‌లో 6 కోడ్ పాయింట్లు."