షెడ్డులో పద్నాలుగేళ్లు పడున్న ఇంజిన్‌కి లక్షా నలభై వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. నాన్నగారు కొన్న 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా దగ్గరే ఉంది. ఆదివారాలు ద్రాక్షారామం, కోటిపల్లి దాకా తిప్పుతుంటాను. కొన్నాళ్లుగా ఇంజిన్ లోపల్నుంచి కొట్టుడు శబ్దం వస్తోంది, ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోయింది. మా మెకానిక్ దింపి బాగు చేయడానికి లక్ష దాకా అవుతుందనీ, సామాన్లు దొరకడానికి నాలుగైదు నెలలు పట్టొచ్చనీ అంటున్నాడు. ఈలోగా కోయంబత్తూరులో ఒకాయన దగ్గర అదే 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉందని తెలిసింది. 2011లో పూర్తిగా రీబిల్ట్ చేయించారట, అంటే మొత్తం విప్పి అరిగినవి మార్చి మళ్లీ బిగించారట, తర్వాత కారు అమ్మేయడంతో షెడ్డులోనే ఉండిపోయిందట, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదంటున్నారు. 1,40,000 అడుగుతున్నారు, నెలాఖరులోగా చెప్పకపోతే బెంగళూరు పార్టీకి ఇచ్చేస్తామంటున్నారు. నా జీతం చేతికి 82,000. హోమ్ లోన్ ఈఎంఐ 26,500, ఇంటి ఖర్చు 35,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000. ఎఫ్‌డీ రెండున్నర లక్షలు ఉంది. మార్చిలో 80,000 దాకా బోనస్ వస్తుంది. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా, కొన్నాళ్లు సిప్ ఆపాలా?

జవాబు: మూడూ వద్దు. నెలాఖరు గడువును కూడా పట్టించుకోకండి. పద్నాలుగేళ్లు కొనేవాళ్లు లేక షెడ్డులో ఉన్న వస్తువు ఈ నెల 30న చేయి దాటిపోతుందంటే నేను నమ్మను, నిజంగానే బెంగళూరు వాళ్లు పట్టుకెళ్తే పట్టుకెళ్లనివ్వండి. మీ కారు బాగవ్వకూడదని అనడం లేదు. నాన్నగారి కారు నడిచే స్థితిలో ఉంచుకోవాలనుకోవడం మంచి కోరిక, దానికి డబ్బు ఖర్చు పెట్టడం దుబారా అని నేనెప్పుడూ అనను. కానీ అది ఖర్చే, పెట్టుబడి కాదు. రేపు రేటు పెరుగుతుంది కదా అని లెక్కలో ఆస్తి కింద రాసుకోవద్దు. నెలనెలా మిగిలే డబ్బులోంచి, బోనస్‌లోంచి మాత్రమే దీనికి పెట్టాలి, అప్పులోంచి కాదు.

ముందు ఇంజిన్ సంగతి, ఎందుకంటే డబ్బు లెక్క మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

'రీబిల్ట్, జీరో కిలోమీటర్' అన్న మాట 2011లో నిజమే అయుండొచ్చు. మీరు కొంటున్నది ఇవాళ్టి ఇంజిన్ని. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరిచే ఉంటుంది, ఆ దారిన తేమగాలి లోపలికి వెళ్తుంది, పిస్టన్ రింగులు ఆనుకున్న చోట బోరు, అంటే పిస్టన్ కదిలే గొట్టం, గోడ మీద తుప్పు గీత పడుతుంది. పైకి ఎంత రంగేసి తళతళలాడినా ఆ గీత కనబడదు. అన్నేళ్లూ నొక్కుకుని ఉన్న వాల్వు స్ప్రింగు బలం తగ్గుతుంది, రబ్బరు ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి, భాగాల మధ్య లీకు ఆపే కార్క్ గాస్కెట్లు ఎండి కుంచించుకుపోతాయి. బిగించేటప్పుడు బేరింగులకు రాసిన గ్రీజు, ఆయిల్ ఎండిపోయి ఉంటాయి. అలాంటి ఇంజిన్‌కి బ్యాటరీ తగిలించి 'చూడండి సార్, ఎంత బాగా స్టార్ట్ అవుతుందో' అని సెల్ఫ్ కొట్టి చూపించారనుకోండి, ఆ అరనిమిషంలోనే కొత్త బేరింగులకు గీతలు పడొచ్చు. కాబట్టి స్టార్ట్ చేసి చూపించమని మీరు అడగొద్దు, వాళ్లంతట వాళ్లు చూపిస్తామన్నా వద్దనండి.

చేయాల్సింది వేరే ఉంది. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి ఒక రోజు నాననివ్వాలి, తర్వాత ముందున్న పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పాలి. బరువుగా తిరిగినా పర్లేదు, ఎక్కడో ఒకచోట పట్టేసి ఆగితే మాత్రం మంచిది కాదు. ఆ తర్వాత హెడ్ దింపి బోర్లు చూడాలి, కింద ఆయిల్ చాంబర్ విప్పి ఒకటి రెండు బేరింగులు తీసి చూడాలి. పిస్టన్ తల మీద 020, 040 లాంటి అంకె కొట్టి ఉంటుంది, అంటే అంగుళంలో అన్ని వెయ్యో వంతులు ఓవర్‌సైజ్ అని. 040 ఉంటే బోర్లు ఇప్పటికే బాగా పెద్దవయ్యాయన్నమాట, ఇంకో రీబోర్‌కి చోటు చాలా తక్కువ, తుప్పు గీతలు ఉంటే స్లీవులు, అంటే బోర్లలోపల కొత్త గొట్టాలు, వేయించాల్సి రావచ్చు. 2011 నాటి లేత్ షాపు బిల్లు అడగండి. బోర్ ఎంత సైజుకి కొట్టారు, క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఎంత గ్రైండ్ చేశారు, ఏ కంపెనీ పిస్టన్లు వేశారు అనేవి అందులో ఉండాలి. నిజంగా అంత పని చేయించిన మనిషి దగ్గర చిన్న కాగితమైనా దొరుకుతుంది, బిల్లు లేకపోతే 'రీబిల్ట్' అన్న మాటకు నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను.

అందుకే నా లెక్క ఇది: చాలా ఏళ్లు పక్కన పడున్న రీబిల్ట్ ఇంజిన్‌ని, రీబిల్ట్ చేయాల్సిన ఇంజిన్ ధరకే కొనాలి. విప్పి చూశాక లోపల బాగుంటే, ఆ బాగున్నంత వరకు పైన కలిపి ఇవ్వొచ్చు. విప్పనివ్వం అంటే 60,000 దాటొద్దు. మీ మెకానిక్ ఎదురుగా విప్పి, బోర్లు, బేరింగులు శుభ్రంగా ఉంటే 1,05,000 దాకా వెళ్లొచ్చు. 1,40,000 అనేది ఇవాళ మీ కళ్ల ముందు కొత్త సామాన్లతో బిగించి, బిల్లులిచ్చి, నడిపి అప్పగించే ఇంజిన్‌కి ఇవ్వాల్సిన ధర.

ఇప్పుడు ఆ 1,40,000 ఎక్కడిదాకా పోతుందో చూద్దాం. ఈ అంకెలు నా అంచనా, మీ మెకానిక్ కొటేషన్‌తో మార్చుకోండి. కోయంబత్తూరు నుంచి రవాణా, ప్యాకింగు 10,000. విప్పి గాస్కెట్లు, సీళ్లు మార్చి మళ్లీ బిగించడానికి 30,000. మీ పాత ఇంజిన్ దింపి ఇది ఎక్కించడం, మౌంటింగులు, క్లచ్, రేడియేటర్ శుభ్రం చేయించడం 15,000. ఆర్టీవో, ఇన్సూరెన్స్, చిల్లర తిరుగుళ్లు 10,000. లోపల ఏదైనా తేలితే అని 30,000 పక్కన పెట్టాలి, ఇది పెట్టకుండా పాత కారు పని మొదలుపెట్టినవాళ్లు సగంలో ఆగిపోవడం చాలా మామూలు. మొత్తం 2,35,000. మీరు అడిగింది లక్షా నలభై గురించి, కానీ మీరు నిజంగా తీసుకోబోతున్నది రెండు లక్షల ముప్పై అయిదు వేల నిర్ణయం.

ఈ మొత్తానికి 15 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,150 పడుతుంది, మూడేళ్లలో వడ్డీయే 58,000 పైన. మీకు నెలకు మిగిలేది 10,500. అందులోంచి ఈఎంఐ పోతే మిగిలేది 2,350. పాప ఇంజినీరింగ్ సీటు, హాస్టలు, ఫీజులు సరిగ్గా ఆ మూడేళ్ల మధ్యలోనే వస్తాయి. కారు కోసం తెచ్చిన అప్పు ఇంకా నడుస్తుండగా ఫీజు కోసం మరో అప్పు తేవాల్సి వస్తుంది, నన్ను భయపెట్టేది ఇదే.

ఎఫ్‌డీ సంగతి. మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 61,500. రెండున్నర లక్షలంటే సుమారు నాలుగు నెలల ఖర్చు, అత్యవసరానికి ఉండాల్సింది ఆరు నెలలది, అంటే 3,69,000. ఇప్పటికే తక్కువగా ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. సిప్ గురించి ఒక్క మాట చాలు, అది పాప చదువు కోసం అయితే ఆపొద్దు.

మరి కారు? మీ ఉత్తరంలో మీరు తేలిగ్గా దాటేసిన వాక్యం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. సొంత ఇంజిన్ బాగుచేయడానికి లక్ష, నాలుగైదు నెలలు. మీరు ఆ నెలల్ని ఇబ్బందిగా చూస్తున్నారు, నాకైతే అవే మీకు కలిసొచ్చేలా ఉన్నాయి. ఇంజిన్ కొంటే డబ్బంతా ఒకేసారి కట్టాలి. సొంత ఇంజిన్ అయితే పని నడిచే కొద్దీ ఇవ్వొచ్చు, ఈ నెల దింపి కొలతలు తీయించడం, ఇంకో నెల క్రాంక్ గ్రైండింగ్, సామాన్లు దొరికినప్పుడు బేరింగులు, పిస్టన్లు, చివర్లో బిగింపు. బోనస్‌లో 30,000 ఎఫ్‌డీకి కలపండి, 50,000 కారుకి ఉంచండి. నెలకు 7,000 చొప్పున విడిగా ఒక ఆర్డీలో, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్లో, వేయండి, ఎనిమిది నెలల్లో 56,000. కలిపి 1,06,000, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా. మిగిలే 3,500 నెలవారీ చేతి ఖర్చులకు అలాగే ఉండనివ్వండి.

కొట్టుడు శబ్దం, ఆయిల్ ప్రెషర్ పడిపోవడం రెండూ కలిసి ఉంటే చాలాసార్లు అది క్రాంక్, బేరింగుల అరుగుదల. క్రాంక్ గ్రైండ్ చేసి ఆ సైజు బేరింగులు వేస్తే సరిపోయే కేసులు ఎన్నో ఉంటాయి, బోరుకొచ్చినా స్లీవులు వేసి నిలబెట్టొచ్చు. అసలు ప్రశ్న బ్లాక్, అంటే బోర్లున్న ఇంజిన్ ప్రధాన దిమ్మ, పగిలిందా లేదా అన్నదే. పగలకపోతే కోయంబత్తూరు మాట మర్చిపోవచ్చు. అందుకని అన్నిటికన్నా ముందు ఇంజిన్ దింపించి, బ్లాకునీ క్రాంకునీ మంచి బోరింగ్ షాపులో కొలిపించండి. మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ ఉంది, పాత పెట్రోల్ ఇంజిన్ల మీద చేయి తిరిగిన మేస్త్రీలు అక్కడ ఇంకా ఉన్నారు. కొలతల్ని కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు. సామాన్ల విషయంలో కూడా మరీ నిరాశపడక్కర్లేదు. అంబాసిడర్ తయారీ కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014లో ఆగిపోయినా మీ ఇంజిన్ బ్రిటన్ కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ కుటుంబానికి చెందినది, ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదటి మోడల్లో కూడా ఇదే 1489 సీసీ ఇంజిన్, అందుకే అక్కడ కొన్ని సామాన్లు ఇంకా కొత్తగా తయారై దొరుకుతున్నాయి. పార్ట్ నంబర్ సరిచూసుకోకుండా ఆర్డర్ పెట్టొద్దు, కొరియర్, కస్టమ్స్ కలిపి లెక్కేయండి.

సొంత ఇంజిన్ ఉంచుకోవడానికి ఇంకో కారణం కాగితాలు. ఇంజిన్ మారిస్తే ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయాలి, లేకపోతే క్లెయిమ్ రోజున టెన్షన్ తప్పదు. పైగా ఆ కోయంబత్తూరు ఇంజిన్ నంబర్ ఎవరి ఆర్‌సీలోనో ఇంకా బతికే ఉండొచ్చు. దాని మాతృ కారు ఆర్‌సీ కాపీ, నంబర్ రాసిన అమ్మకపు రసీదు, ఇంజిన్ మీది నంబర్‌పై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ప్రింట్ లేకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

మీ కారు యాభై ఏళ్లు దాటింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న కార్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. మీరు మాత్రం ఇప్పుడే ఆ వైపు వెళ్లకండి, వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న కారుని ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా తిప్పకూడదు, మీ ఆదివారం ద్రాక్షారామం ప్రయాణాలు అందులోకి రావు. మామూలు ఆర్‌సీనే అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ ఉండండి. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆ దారి కావాలంటే, కారుతో పుట్టిన ఇంజిన్ నంబర్ ఆర్‌సీతో కలవడం మీకు పెద్ద బలం. అందుకే ఏ పరిస్థితిలోనూ, చివరికి వేరే ఇంజిన్ కొన్నా సరే, మీ పాత బ్లాకుని తుక్కుకి వేయకండి, ఎక్స్‌ఛేంజ్‌లోనూ ఇవ్వకండి. నూనె రాసి, కవరు చుట్టి ఇంట్లో ఉంచుకోండి. ఇన్సూరెన్స్‌లో కూడా అయిదేళ్లు దాటిన కారుకి ఐడీవీ అంటే కారు విలువ మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందంతో తేలేదే, కాబట్టి బాగుచేయించిన బిల్లులు, ఫొటోలు చూపించి మాట్లాడండి, వాళ్లు వేసిన అంకెకు ఊరికే తలూపొద్దు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. సొంత వాడకానికి ఉన్న కారుని రేపు లాభానికి అమ్మినా ఆస్తి అమ్మిన లాభం మీద వేసే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ఎక్కడా తగ్గించుకోవడానికీ లేదు.

ఒకవేళ బ్లాక్ నిజంగానే పగిలిందని తేలితే అప్పుడు కోయంబత్తూరాయనకి ఫోన్ చేయండి. 'మా మెకానిక్‌తో వస్తాం, మీ ముందే హెడ్, చాంబర్ విప్పి చూస్తాం, గాస్కెట్ల ఖర్చు మాదే, బాగుంటే 1,05,000 ఇస్తాం, 10,000 టోకెన్, మిగతాది కాగితాలు చేతికి వచ్చాక' అనండి. ఆ దారిలో మొత్తం రెండు లక్షలు అవుతుంది, అంటే వచ్చే ఏడాది బోనస్ దాకా ఆగాల్సి వస్తుంది. ఆయన ఆగనంటే వదిలేయండి. అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్లు ఇంకా బయట చాలా ఉన్నాయి.

ఏ ఇంజిన్ ఎక్కించినా ఒక నాలుగైదు వేలు పెట్రోల్ లైనుకు విడిగా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని, ఫ్యూయల్ పంపు డయాఫ్రంని పాడుచేస్తుంది, వాటిని ఇథనాల్ తట్టుకునేవాటితో మార్పించండి, వారాల తరబడి కారు తీయకపోతే ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి. బోరింగ్ షాపు కొలతలు రాగానే ఆ కాగితం ఫొటో, మెకానిక్ కొత్త కొటేషన్ పంపండి. ఆర్డీ ఏడు వేలు చాలుతుందో, ఎనిమిదికి పెంచాలో అప్పుడు చెబుతాను.