ఒక్క ఎంజైమ్ జీన్ తీసేస్తే ఫంగస్ తెగులు ఆగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫంగస్ మొక్కలోకి దూరేటప్పుడు పెక్టినేజ్, జైలనేజ్ లాంటి ఎంజైమ్‌లతో కణాల గోడని (అందులోని పెక్టిన్, జైలన్ లాంటి పదార్థాల్ని) కరిగిస్తుంది. వాటిలో ఒకదాని జీన్‌ని తీసేస్తే తెగులు ఆగాలి కదా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఇది పెట్టుకోవచ్చా అని.

ఒక్క జీన్ మీద మాత్రం పెట్టుకోకండి. చాలా మటుకు తెగులు ఆగదు, ఆ సంగతి 1990లోనే తేలింది. మొక్కజొన్న ఆకుల మీద మచ్చలు తెచ్చే కాక్లియోబోలస్ కార్బోనమ్ అనే ఫంగస్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన జొనాథన్ వాల్టన్ బృందం పీజీఎన్1 అనే పెక్టినేజ్ జీన్‌ని పనిచేయకుండా చేసింది. అయినా తెగులు ఎప్పటిలాగే వచ్చింది. దాని దగ్గర అదే పని చేసే ఎంజైమ్‌లు ఇంకా ఉన్నాయి మరి. బఠానీ వేరుకుళ్ళు ఫంగస్ నెక్ట్రియా హీమటోకొక్కాలోనూ ఇదే కథ. పెక్టిన్‌ని తెంచే పెక్టేట్ లయేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసే పెల్‌ఏ, పెల్‌డీ జీన్‌లలో ఏ ఒక్కటి పోయినా తేడా లేదు. రెండూ పోతేనే తెగులు బాగా తగ్గింది (2000లో వచ్చిన ఫలితం ఇది). మినహాయింపులూ ఉన్నాయి. బూజు తెగులు ఫంగస్ బోట్రైటిస్ సినీరియాలో బీసీపీజీ1 అనే పెక్టినేజ్ జీన్ ఒక్కదాన్ని తీసేసినా టమాటా మీద మచ్చ పాకడం తగ్గింది. అక్కడ కూడా మచ్చ మొదలవడం ఆగలేదు, గమనించండి.

అందుకే నేనైతే ఎంజైమ్‌ని వదిలేసి దాన్ని ఆన్, ఆఫ్ చేసే జీన్‌ల వైపు చూడమంటాను. నేను పీహెచ్‌డీలో మిరప కాయకుళ్ళు తెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ అనే ఫంగస్ మీద పనిచేశాను. ఈ కంట్రోల్ సంగతి నాకు పేపర్లు చదివినప్పటికంటే ప్లేట్లు చూసినప్పుడే బాగా ఎక్కింది. జైలన్ కలిపిన అగార్ (ల్యాబ్‌లో ఫంగస్ పెంచే జెల్లీ) మీద ఫంగస్ పెంచి, దాని మీద కాంగో రెడ్ అనే రంగు ద్రావణం పోసి, కాసేపాగి ఉప్పునీళ్ళతో కడిగేస్తే ప్లేటంతా ఎర్రగా ఉండి, కాలనీ చుట్టూ మాత్రం లేత పసుపు వలయం తేలుతుంది. ఎంజైమ్ జైలన్‌ని కరిగించిన మేర అది. అదే ప్లేటులో గ్లూకోజ్ కూడా కలిపితే ఫంగస్ ఇంకా ఏపుగా పెరుగుతుంది, వలయం మాత్రం కనిపించదు. చేతికందే చక్కెర ఉండగా గోడలు కరిగించే శ్రమ దేనికి!

గ్లూకోజ్ దండిగా ఉంటే క్రీఏ అనే ప్రొటీన్ ఈ ఎంజైమ్ జీన్‌లని అణిచి ఉంచుతుంది. గ్లూకోజ్ తగ్గినప్పుడు ఇలాంటి అణిచివేతని ఎత్తేయడానికి ఈస్ట్‌లో ఎస్‌ఎన్‌ఎఫ్1 అనే కైనేజ్ (వేరే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించి వాటి పనిని మార్చే ఎంజైమ్) కావాలి. వాల్టన్ ల్యాబ్‌వాళ్ళు 2000లో తమ మొక్కజొన్న ఫంగస్‌లో ఈ కైనేజ్ జీన్‌నే తీసి చూశారు. జైలనేజ్ 65 శాతం, బీటా గ్లూకనేజ్ 53 శాతం తగ్గాయి, పెక్టినేజ్ మాత్రం 24 శాతమే. మొక్కజొన్న ఆకు మీద మచ్చల సంఖ్య బాగా పడిపోయింది. వచ్చిన ఆ కొద్ది మచ్చలు మాత్రం మామూలు మచ్చల్లాగే ఉన్నాయి. అంటే దెబ్బ ప్రధానంగా లోపలికి దూరే దశలోనే తగిలిందని వాళ్ళ అంచనా. నాకు ఈ పేపర్‌లో బాగా నచ్చిన భాగం అదే.

అయితే ఇలాంటి జీన్ ఇంట్లో మెయిన్ స్విచ్ లాంటిది, అది ఆపేస్తే లైట్లతో పాటు ఫ్రిజ్ కూడా ఆగుతుంది. ఆ మ్యూటెంట్ (జీన్ తీసేసిన ఫంగస్) గ్లూకోజ్ మీద మామూలుగానే పెరిగింది కానీ, గోడ కరిగితే వచ్చే చక్కెరల్లో అరబినోజ్ మీద బాగా వెనకబడింది, జైలోజ్ మీద కొంచెం. గోడ కరిగించలేక తెగులు తగ్గిందా, కరిగాక వచ్చిన చక్కెరల్ని వాడుకోలేక తగ్గిందా? ఆ పేపర్ రాసినవాళ్ళే రెండూ కావచ్చన్నారు. వైవాలో మిమ్మల్ని కచ్చితంగా అడిగే ప్రశ్న ఇదే.

మిరప, మామిడి లాంటి కాయల మీద పనిచేయాలనుకుంటే పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) సంగతి కూడా చూడండి. అవకాడో మీద కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ అమ్మోనియా వదిలి చుట్టూ ఉన్న పీహెచ్‌ని పెంచుకుంటుంది. అది 6కి దగ్గరయ్యేదాకా పెక్టేట్ లయేజ్ బయటికి రాదు. దీని వెనకున్న స్విచ్ ప్యాక్‌సీ అనే వేరే ప్రొటీన్. కాయ పచ్చిగా ఉన్నప్పుడు తెగులు కదలకుండా దాక్కుని, పండే వేళకి బయటపడడానికి ఇదీ ఒక కారణం.

ఇక ప్రాజెక్టు మాట. ఎమ్మెస్సీకి దొరికే కొద్ది నెలల్లో ఫంగస్‌లో నాక్‌ఔట్ (జీన్‌ని పనిచేయకుండా చేయడం) చేయడమంటే టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు. దాని బదులు ఒకే ఐసొలేట్‌ని (తెగులు సోకిన మొక్క నుంచి వేరుచేసిన ఫంగస్‌ని) గ్లూకోజ్‌లో, పెక్టిన్‌లో, రెండూ కలిపి, ఇంకా రెండు మూడు పీహెచ్‌ల దగ్గర పెంచి, ఎంజైమ్ యాక్టివిటీ కొలవండి. క్యూపీసీఆర్ అనే పద్ధతితో ఆ జీన్‌ల ఎక్స్‌ప్రెషన్ (అవి ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో) కూడా చూడండి. ఫంగస్ పెరుగుదలని ఎండు బరువులో కొలిచి, యాక్టివిటీని దానితో భాగించడం మాత్రం మరవకండి. లేకపోతే ఎక్కువ పెరిగింది కాబట్టి ఎక్కువ ఎంజైమ్ వచ్చిందేమో అంటారు. మీది ఏ పంట, ఏ ఫంగస్, ల్యాబ్‌లో క్యూపీసీఆర్ ఉందా లేదా చెబితే ఏ జీన్‌లు ఎంచుకోవాలో కామెంట్‌లో రాస్తాను.