ఆర్వీ నీళ్ల ట్యాంకుకి తాళం వేస్తే సరిపోతుందా?

అమెరికాలో ఆర్వీ (వంట, పడక, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే ఉండే ప్రయాణ బండి) కొన్నవాళ్లు, అద్దెకు తీసుకున్నవాళ్లు మంచినీళ్ల గురించి పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా ట్రెయిలర్ ఏడాదిలో ఎనిమిది నెలలు స్టోరేజ్ యార్డులోనే ఉంటుంది. మొన్న పక్క బండివాళ్ల తాళంచెవి మా నీళ్ల మూతకి పట్టింది! జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు, ఎల్లోస్టోన్ వెళ్లాలి. ఎవరైనా ట్యాంకులో ఏదైనా పోస్తే మాకు తెలిసేదెలా? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: మీ తాళంచెవి మీద అంకె చూడండి. చాలామటుకు సీహెచ్ 751 అని ఉంటుంది. చాలా కంపెనీలు సామాన్ల అరలకీ నీళ్ల మూతలకీ ఏళ్లుగా ఇదే తాళం బిగిస్తున్నాయి. దీని తాళంచెవి ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. అంటే ఆ మూత గాలికి తెరుచుకోకుండా ఉంటుందే కానీ మనిషిని ఆపదు.

మార్చడం అరగంట పని. మూత తెరిచి, లోపలివైపు నాలుకలా ఉండే రేకు స్క్రూ విప్పండి. వెనక నట్టో క్లిప్పో ఉంటుంది, అదీ తీస్తే తాళం ముందుకు వచ్చేస్తుంది. తల కింది నుంచి చివరిదాకా పొడవు కొలవండి. 5/8, 7/8, 1-1/8 అంగుళాల సైజులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. అదే పొడవులో గుండ్రటి గొట్టంలాంటి తాళంచెవి ఉండే క్యామ్ లాక్ కొనండి. ఒకే తాళంచెవితో తెరుచుకునే సెట్టు తీసుకుంటే అన్ని అరలకీ సరిపోతుంది. పొడవు తప్పితే నాలుక చట్రాన్ని పట్టుకోదు. తాళం పడినట్టే కనిపిస్తుంది, లాగితే ఊడొస్తుంది. అందుకే బిగించాక ఒకసారి గట్టిగా లాగి చూడండి.

ఇక మీ అసలు ప్రశ్న, తెలిసేదెలా అని. దానికి తాళం పనికిరాదు, ముద్ర కావాలి. ఒకసారి బిగిస్తే తెంపితే తప్ప రాని, అంకె ఉన్న ప్లాస్టిక్ సీళ్లు దొరుకుతాయి. లారీల తలుపులకి వేసేవి అలాంటివే. మూతకీ చట్రానికీ చెరో చిన్న కొక్కెం బిగించి వాటిలోంచి సీలు లాగండి. అంకె కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తాళం దొంగని కాసేపు ఆపుతుంది. ఎవరో చెయ్యి పెట్టారన్న సంగతి చెప్పేది సీలే. నీళ్ల విషయంలో ఆ సంగతి తెలియడమే ముఖ్యం.

నీళ్లు లోపలికి పోయే దారి ఆ మూత ఒక్కటే కాదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. గొట్టం తగిలించే సిటీ వాటర్ ముక్కు ఒకటి, బయటి షవర్ ఒకటి. బండి అడుగున వేలాడే ఎరుపు, నీలం గొట్టాల చివరలూ, ట్యాంకు డ్రెయినూ ఉంటాయి. వీటన్నిటికంటే ఎక్కువగా చూసుకోవాల్సింది నాటిలస్ తరహా ప్యానెల్ (నీళ్లు ఏ దారిన పోవాలో పిడులతో మార్చుకునే పలక) ఉన్న బండ్లని. దాని పిడులని శానిటైజ్/వింటరైజ్ వైపు తిప్పితే పంపు ట్యాంకులోంచి కాక, బయట గొట్టం ముంచిన బకెట్‌లోంచి లాగుతుంది. చలికాలం గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కించుకోవడానికి పెట్టిన సౌకర్యం అది. కాబట్టి ఆ అర తలుపుకి కూడా కొత్త తాళం పడాల్సిందే.

యార్డులో ఉన్నన్నాళ్లూ ట్యాంకు ఖాళీ చేసి డ్రెయిన్ వాల్వ్ తెరిచే ఉంచండి. ఎవరు ఏం పోసినా చాలావరకు కిందికి కారిపోతుంది, నేల మీద మరక కనిపిస్తుంది. పురుగులు దూరకుండా ఆ కంతకి సన్నటి స్టీలు జాలీ కట్టండి.

ప్రశ్న: క్యాంప్‌గ్రౌండ్‌లో మేం బయటికెళ్లి వచ్చేసరికి, పక్కవాళ్లు మా గొట్టం విప్పి అదే కుళాయికి తమ గొట్టం తగిలించి మురుగు గొట్టం కడుక్కుంటున్నారు. మళ్లీ మా గొట్టం తగిలించుకోవచ్చా? (శాన్ హోజే, కాలిఫోర్నియా)

జవాబు: అలాగే తగిలించకండి. వాళ్లకి చెడు ఉద్దేశం లేకపోవచ్చు, కానీ ఎవరో కావాలని విషం కలపడం కంటే ఇలా మురుగు తగలడమే ఎక్కువగా జరుగుతుంది. ముందు కుళాయిని రెండు నిమిషాలు ధారగా వదలండి. క్వార్ట్ నీళ్లకి 4 టీస్పూన్ల వాసన లేని బ్లీచ్ కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. కుళాయి మూతి, మీ గొట్టం రెండు చివరలు, రబ్బరు వాషరు తడిసేలా కొట్టి, ఐదు నిమిషాలు ఆగి కడగండి. ఏ కొత్త క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లినా ఇది అలవాటు చేసుకుంటే మంచిది. గొట్టం చుట్టి పెట్టేటప్పుడు రెండు చివరలూ ఒకదానికొకటి బిగిస్తే లోపలికి దుమ్మూ పురుగులూ పోవు.

కుళాయికి గొట్టం కదలకుండా పట్టే తాళాలు అమ్ముతారు కానీ, అంతకంటే మంచి పద్ధతి ఉంది. పొద్దున్నే ట్యాంకు నింపుకుని గొట్టం విప్పి లోపల పెట్టుకోండి, బండి సిటీ వాటర్ ముక్కుకి మూత బిగించండి, పంపుతో వాడుకోండి. మీరు ఊళ్లోకి వెళ్లినప్పుడూ రాత్రి పడుకున్నప్పుడూ బయట ముట్టుకోవడానికి ఏమీ ఉండదు. గొట్టం తగిలించే ఉంచాలంటే నీళ్ల ఒత్తిడిని అదుపులో ఉంచే 45–50 పీఎస్ఐ రెగ్యులేటర్‌ని కుళాయి దగ్గరే పెట్టండి, బండి దగ్గర కాదు. అప్పుడే గొట్టం కూడా పగలకుండా ఉంటుంది.

ప్రశ్న: మూత తెరిచి ఉంది, లోపల పెట్రోలు వాసన. బ్లీచ్‌తో రెండుసార్లు కడిగితే సరిపోతుందా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: సరిపోదు. ముందుగా పంపు ఆపండి, ఫ్యూజు తీసేయండి. ఇంకా ట్యాంకులోనే ఉన్నదాన్ని పైపుల్లోకి మీరే పంపకూడదు. స్టవ్వు, వాటర్ హీటర్ వెలిగించకండి. తలుపులు తెరిచి పిల్లల్ని బయటికి తీసుకురండి. ఎవరైనా ఇప్పటికే తాగి ఉంటే 1-800-222-1222 కి ఫోన్ చేయండి. అది పాయిజన్ కంట్రోల్ వారిది, పగలూ రాత్రీ పలుకుతారు. మనిషికి ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా నేరుగా 911 కి చేయండి.

బ్లీచ్ చంపేది సూక్ష్మజీవుల్ని. పెట్రోలుని, పురుగుల మందుని ఏమీ చేయదు. మరగబెట్టినా అంతే. సింకు కింద ఉండే కార్బన్ ఫిల్టర్ మీద కూడా నమ్మకం పెట్టుకోకండి. ట్యాంకు పాలీఎథిలీన్ ప్లాస్టిక్, అది పెట్రోలుని పీల్చుకుని తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలోకి వదులుతుంది. నాలుగుసార్లు కడిగాక వాసన పోయినట్టుంటుంది. ఎండలో రెండు రోజులు ఉంచితే మళ్లీ వస్తుంది.

డ్రెయిన్ దగ్గర గాజు సీసాలో కొంచెం పట్టి వెలుతురుకి పెట్టండి. పైన ఇంద్రధనుస్సు రంగుల పొర తేలితే ఇక అనుమానమే లేదు. రుచి మాత్రం చూడొద్దు. ఫొటోలు తీసి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకీ ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. ఆ నీళ్లు నేల మీదికి వదలొద్దు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పజెప్పాలి. రాష్ట్ర గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపితే సీసాలు వాళ్లే ఇస్తారు. కానీ దేనికోసం వెతకాలో మీరు చెప్పాలి, అన్నిటినీ పట్టే ఒకే పరీక్ష అంటూ లేదు. అందుకే ఏం పడిందో తేలకపోయినా, పెట్రోలేనని తేలినా మా సలహా ఒకటే: ట్యాంకు, పంపు, ఆ నీళ్లు వెళ్లిన గొట్టాలు మార్చేయండి. ఖర్చే, కానీ ఆ ట్యాంకు నీళ్లతో పిల్లలకి పాలు కలపలేం కదా.

సీలు తెగింది, వాసన గానీ పొర గానీ ఏమీ లేదు అన్నప్పుడు కూడా ఆ నీళ్లు తాగకండి, వంటకీ స్నానానికీ వద్దు. ల్యాబ్‌లో ఏమీ లేదని తేలాక పారబోసి, ట్యాంకు బ్లీచ్‌తో శుద్ధి చేయండి. 40 గ్యాలన్ల ట్యాంకుకి 5–6 శాతం బ్లీచ్ అయితే 5 ఔన్సులు, సీసా మీద 7.5 శాతం అని ఉంటే 4 ఔన్సులకి మించనక్కర్లేదు. చిక్కగా ఉండే స్ప్లాష్‌లెస్ రకం వాడకండి. ఫిల్టర్లు తీసేసి, బ్లీచ్‌ని ముందు ఒక గ్యాలన్ నీళ్లలో కలిపి పోసి ట్యాంకు నిండా నింపండి. చల్లటి, వేడి కుళాయిలు, టాయిలెట్, బయటి షవర్ అన్నీ బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పండి. నాలుగు గంటలు ఉంచి, పారబోసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. నీళ్లలో ముంచి చూసే క్లోరిన్ స్ట్రిప్ 4 పీపీఎం కంటే తక్కువ చూపించాకే వాడండి.

ప్రశ్న: వేడి నీళ్లు కుళ్లిన గుడ్ల వాసన. చల్లటి నీళ్లు బాగానే ఉన్నాయి. ఎవరైనా ఏమైనా కలిపారా? (షార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: కలపలేదు. ట్యాంకులో ఏదైనా పడితే రెండు కుళాయిలకీ వస్తుంది. వేడి నీళ్లకే వాసనంటే అది హీటర్ లోపలిదే. ఉక్కు ట్యాంకు ఉన్న హీటర్లలో తుప్పు పట్టకుండా మెగ్నీషియం యానోడ్ రాడ్ ఉంటుంది. నీళ్లలో సల్ఫేటు, దాన్ని తినే బ్యాక్టీరియా, ఆ రాడ్ మూడూ కలిస్తే ఈ వాసన పుడుతుంది. హీటర్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్ల సరఫరా కట్టేసి, వేడి కుళాయి తిప్పి ప్రెషర్ వదిలాక సబర్బన్ కంపెనీ హీటర్ అయితే 1-1/16 అంగుళాల సాకెట్‌తో రాడ్ విప్పండి. లోపల పేరుకున్న తెల్లటి గసి గొట్టంతో కడిగి, మెగ్నీషియం దాని బదులు అల్యూమినియం రాడ్‌కి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, పైన చెప్పినట్టు బ్లీచ్ పట్టించండి. రాడ్ లేకుండా ఉత్త ప్లగ్ బిగిస్తే హీటర్ తుప్పు పట్టి చిల్లు పడుతుంది.

ప్రశ్న: అద్దె ఆర్వీలో ట్యాంకు నీళ్లు తాగొచ్చా?

జవాబు: ముందువాళ్లు ఏం నింపారో, ఏ గొట్టంతో నింపారో మీకు తెలియదు, కాబట్టి వద్దు. ఉన్న నీళ్లు వదిలేసి తాజాగా నింపుకుని స్నానానికీ గిన్నెలకీ వాడుకోండి. తాగడానికీ బియ్యం కడిగి వండటానికీ సీలున్న 5 గ్యాలన్ల డబ్బాలు తీసుకెళ్లండి. నలుగురికి వంటతో సహా డబ్బా ఒక రోజుకి కొంచెం మిగులుతుంది, ఎండాకాలం అరిజోనా వైపైతే రెండు పెట్టుకోండి. మంచినీళ్లకని రాసి ఉన్న తెల్లటి గొట్టం ఒకటి సొంతంగా కొనుక్కోండి, అద్దెకిచ్చినవాళ్ల గొట్టం వాడకండి.