మా చెరువు శాంపిళ్ల మీద చేసిన పరిశోధన ఏమైంది?

ప్రశ్న: మాది కోనసీమలో అల్లవరం మండలం. వనామీ సాగు చేస్తాను. 2019లో ఈహెచ్‌పీ (రొయ్యల ఎదుగుదలను ఆపే జబ్బు) మీద ప్రభుత్వ ప్రాజెక్టు అంటూ కొందరు వచ్చి మా చెరువుల్లో నీళ్లు, మట్టి, రొయ్యలు శాంపిళ్లు పట్టుకెళ్లారు. మళ్లీ కబురు లేదు. ఏం తేలిందో తెలుసుకునే దారి ఉందా అండీ?
– ఒక ఆక్వా రైతు

జవాబు: ఉందండీ. శాంపిళ్లు మీ చెరువువి, ఖర్చు ప్రజల డబ్బు, కాబట్టి మొహమాటం లేకుండా అడగొచ్చు.

ముందు ఆ ప్రాజెక్టుకు డబ్బెవరిచ్చారో కనుక్కోండి, ఎందుకంటే మన దగ్గర ఏ శాఖ పట్టిక ఆ శాఖదే. చెన్నైలోని సీబా (ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ) లాంటి ఐకార్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలదైతే ఆ మండలి ‘కృషి’ పోర్టల్ చూడాలి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వేసే ప్రాజెక్టుల డైరెక్టరీల్లో పేరు, శాస్త్రవేత్త, సంస్థ, మంజూరైన మొత్తం ఉంటాయి. వచ్చినవాళ్లు పీహెచ్‌డీ విద్యార్థులైతే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలో, వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లయితే అలాంటిదే అయిన కృషికోశ్‌లో థీసిస్ దొరకొచ్చు.

వెతికేటప్పుడు చాలామంది ఇక్కడే ఆగిపోతారు: కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో, మీ శాంపిళ్లు అంతకుముందువి, కాబట్టి ఇంగ్లిష్‌లో తూర్పు గోదావరి అని కొట్టండి. రొయ్యకూ రెండు శాస్త్రీయ నామాలున్నాయి, కొందరు పీనియస్ వన్నామీ అని, కొందరు లిటోపీనియస్ వన్నామీ అని రాస్తారు, రెండూ వేసి చూడాలి.

అమెరికాలో వైద్య పరిశోధనలకు ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, ప్రాజెక్టు పేరు కొడితే డబ్బెంత, ఎవరికి, దాన్నుంచి వచ్చిన పేపర్లేమిటి అన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. యూరప్ వాళ్ల కార్డిస్ వెబ్‌సైట్‌లోనైతే కొన్ని ప్రాజెక్టుల ఫలితాలు మామూలు మాటల్లో, ఆరు భాషల్లో ఉంటాయి. మన రైతుకు ఆ పని తెలుగులో జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. ప్రాజెక్టు మంజూరైందన్న ఒక్క లైను చూసి మీరు మేత మార్చలేరు, సీడ్ మార్చలేరు, రిపోర్టు చేతికి రావాలి.

పోర్టళ్లలో దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర సంస్థకైతే 10 రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే అక్కడే మొదటి అప్పీలు వేయండి. అప్లికేషన్ తెలుగులో రాసినా చట్టం ఒప్పుకుంటుంది. ‘పరిశోధన వివరాలు ఇవ్వండి’ అని వదిలేయకుండా తుది నివేదిక కాపీ, అల్లవరం మండలం శాంపిళ్ల పరీక్ష ఫలితాలు, నిధుల వినియోగ పత్రం అని విడివిడిగా అడగండి. అప్పట్లో మీ చేత సంతకం పెట్టించుకున్న కాగితం ఏదైనా ఉంటే జిరాక్స్ తీసి అప్లికేషన్‌కు జత చేయండి.